పెళ్ళిచీర కత్తిరించవచ్చా?

ప్రశ్న: నాకు 66 ఏళ్ళు. మావారు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనది చేబ్రోలు పక్క, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాం. మా ఒక్కగానొక్క అమ్మాయి పదిహేనేళ్ళ కిందట బోస్టన్‌లో తనతో పనిచేసే యూదు అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. అల్లుడు మంచివాడు, అందులో ఏ లోటూ లేదు. మా అమ్మాయి మతం మారలేదు. ఇంట్లో దీపం పెట్టుకుంటుంది, వినాయక చవితి చేస్తుంది. మనవరాలిని మాత్రం ఇద్దరూ అనుకుని యూదుపిల్లగానే పెంచారు. వచ్చే జులైలో దానికి 'బాత్ మిత్స్వా' చేస్తారట. వాళ్ళు వెళ్ళే గుడి రిఫార్మ్ అనే శాఖకి చెందినదట.

మావారు రానంటున్నారు. "పిల్లను వాళ్ళలో కలిపేసుకున్నారు, ఇప్పుడు మనం వెళ్ళి చప్పట్లు కొట్టాలా" అంటారు. అక్కడి పూజారి ఆడమనిషి అనీ, ఆవిడకి భార్య ఉందనీ తెలిసిన దగ్గర్నుంచి మరీను. అల్లుడి పెదనాన్న ఒకాయన, బాగా ఛాందసుడు, తల్లి యూదు కాదు కాబట్టి పిల్ల అసలు యూదే కాదన్నాడట. అంటే మా పిల్ల అటూ ఇటూ కాకుండా పోయిందా?

ఇంకోటి. ఆ రోజు కప్పుకునే శాలువా కోసం నా పెళ్ళి పట్టుచీర అడుగుతోంది మనవరాలు. 1980 నాటి ధర్మవరం చీర. కత్తిరిస్తే అరిష్టమని మా ఆడపడుచు అంటోంది. మనవరాలు తను ఆ రోజు చదవబోయే భాగం పేరు 'పిన్హాస్' అని రాసింది. మేం వెళ్ళాలా? వెళ్తే ఏం తీసుకెళ్ళాలి, ఏం తప్పులు చేయకూడదు?
ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: అమ్మా, వెళ్ళండి. ఈ ప్రశ్నకి నా దగ్గర రెండో జవాబు లేదు. మాస్టారు రానంటే మీరొక్కరే టికెట్ కొనిపించుకోండి. ఆయన కూడా వస్తారనే నాకు అనిపిస్తోంది, ఎందుకో కింద చెబుతాను. చీర సంగతి ఆఖర్న చూద్దాం. మీకు అది పెద్ద ప్రశ్నలా ఉంది గానీ, మీ ఉత్తరం మొత్తంలో తేలిగ్గా తేలేది అదొక్కటే.

ముందు ఆ రోజు ఏం జరుగుతుందో తెలుసుకోండి. 'బాత్ మిత్స్వా' అంటే మాటకి మాటగా 'ఆజ్ఞకు కూతురు'. మగపిల్లాడికైతే బార్ మిత్స్వా. ఇక నుంచి ధర్మం పాటించే బాధ్యత అమ్మానాన్నలది కాదు, పిల్లదే అని. అమెరికాలో మనవాళ్ళు దీన్ని ఓణీల ఫంక్షన్‌తో పోలుస్తుంటారు. నేనూ మొదటిసారి అలాగే అనుకుని వెళ్ళాను. ఓణీల ఫంక్షన్లో పిల్ల ముస్తాబై కుర్చీలో కూర్చుంటుంది, వెళ్ళినవాళ్ళం అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోజనానికి లేస్తాం. ఇక్కడ పనంతా పిల్లదే. శనివారం పొద్దున జరిగే ప్రార్థనలో చాలా భాగం తనే ముందు నిలబడి నడిపిస్తుంది. వాళ్ళ మూల పవిత్రగ్రంథం తోరా, దాని చుట్ట తెరిచి హీబ్రూలో చదువుతుంది. చదివినదాని మీద సొంతంగా మాట్లాడుతుంది. ఒడుగుకి కాస్త దగ్గర అనుకోవచ్చు, అదీ పూర్తిగా కాదు.

ఆ చదవడం ఎలా ఉంటుందో మాస్టారికి తప్పకుండా చెప్పండి. అది అచ్చుపుస్తకం కాదు. తోలుపత్రాల మీద చేత్తో రాసిన చుట్ట, మొత్తం 3,04,805 అక్షరాలు. అందులో గుణింతాల గుర్తులు ఉండవు. మన లిపిలోంచి గుణింతాలన్నీ పీకేసి రామ, రమ, రీమా, రోమా అన్నిటికీ ఉత్త 'రమ' అనే రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. స్వరం గుర్తులూ ఉండవు. స్వరం అని ఎందుకంటున్నానంటే, దాన్ని పేపర్ చదివినట్టు చదవరు. ఏ మాట ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి, ఎక్కడ తిప్పాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. ఆ గుర్తులు అచ్చువేసిన పుస్తకంలో ఉంటాయి. పిల్లలు నెలల తరబడి అందులో చూసి స్వరంతో సహా కంఠతా పట్టి, ఆ రోజు ఏ గుర్తూ లేని చుట్టలో చూసి చదవాలి. ఉదాత్తం అనుదాత్తం అంటూ చెయ్యి ఆడిస్తూ వేదం వల్లె వేయించే ఇళ్ళు మాస్టారు చూసే ఉంటారు. తప్పు పోతే పక్కన నిలబడ్డవాళ్ళు అక్కడికక్కడే మెల్లగా అందిస్తారు. అక్షరాల మీద వేలు ఆనించకూడదు కాబట్టి ఒక పుల్లతో చూపిస్తూ చదువుతారు, సాధారణంగా వెండిది. దాని కొసన బుల్లి చెయ్యి, చూపుడువేలు చాపి ఉంటుంది. ఫొటోలో చూస్తే బొమ్మలా ఉంటుంది గానీ, చదివే పిల్ల చెయ్యి వణికితే ఆ వేలు కూడా వణుకుతుంది.

ఆడపిల్లకి ఈ వేడుక అనాదిగా ఉందనుకోకండి. అమెరికాలో మొదటిది 1922 మార్చి 18న న్యూయార్క్‌లో జరిగిందని చెబుతారు. మొర్దెకై కప్లాన్ అనే రబ్బీ, అంటే యూదు గురువు, తన పెద్దకూతురు జూడిత్‌తో చేయించాడు. ఆ పిల్లకి పన్నెండేళ్ళు. అప్పుడు కూడా చుట్టలోంచి చదవలేదు, తన అచ్చుపుస్తకం పట్టుకుని, చుట్టకి ఎడంగా నిలబడి చదివింది. ఆమె పెద్దయ్యాక చెప్పిన సంగతి ఒకటి నాకు భలే ఇష్టం. ఆ వేడుక ఆమె అమ్మమ్మకీ నానమ్మకీ ఇద్దరికీ నచ్చలేదట. ఆపమని చెప్పడానికి "నీ కొడుకేగా, నువ్వు చెప్పు" అని ఒకావిడ, "నీ కూతురికి నువ్వు చెప్పు" అని ఇంకొకావిడ. ఈ టెన్షన్ పడుతున్న మొదటి అమ్మమ్మ మీరు కాదన్నమాట.

అల్లుడిగారి పెదనాన్న మాటకి వద్దాం. ఆయన అబద్ధం చెప్పలేదు, తనకి తెలిసిన శాస్త్రం చెప్పాడు. పాత సంప్రదాయంలో తల్లి యూదైతేనే బిడ్డ యూదు. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ శాఖలు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాయి. రిఫార్మ్ రబ్బీలు 1983లో వేరే తీర్మానం చేశారు. తల్లిదండ్రుల్లో ఎవరు యూదైనా సరే, పిల్లని ఆ దారిలో పెంచితే యూదుపిల్లే అని. కాబట్టి పెదనాన్నగారి గుడిలో మీ పిల్ల లెక్కలోకి రాదు, తన గుడిలో నిండుగా వస్తుంది. దీన్ని దాచి లాభం లేదు, ఆ పిల్లకి ఈపాటికి తెలిసే ఉంటుంది.

లెక్క అని ఊరికే అనడం లేదు. యూదుల సామూహిక ప్రార్థనకి కనీసం పదిమంది పెద్దవాళ్ళు ఉండాలి. దాన్ని మిన్యాన్ అంటారు. పదీ నిండకపోతే కొన్ని ప్రార్థనలు మానేస్తారు. ఆర్థడాక్స్ వాళ్ళకి ఆ పదిమందీ మగవాళ్ళే అయ్యుండాలి. మీ మనవరాలు వెళ్ళే చోట ఆ శనివారం నుంచి తనూ ఒక అంకె. నేను అమెరికాలో ఉన్న రోజుల్లో ఒక స్నేహితురాలితో మామూలు రోజు ప్రార్థనకి వెళ్ళాను. తొమ్మిదిమంది కూర్చుని తలుపు వైపు చూస్తున్నారు. నేను లోపలికి వెళ్ళినా అంకె మారలేదు, నేను వాళ్ళ మనిషిని కాదు కదా. బయట వాన. కాసేపటికి స్కూల్ బ్యాగుతో ఒక పిల్ల గొడుగు ముడుచుకుంటూ వచ్చింది, మహా అయితే పద్నాలుగేళ్ళుంటాయి. తెల్లగడ్డం ముసలాయన "హమ్మయ్య" అన్నట్టు గాలి వదిలి పుస్తకం తెరిచాడు. ఆయన ఆ సాయంత్రం తన భార్య పేరున ప్రార్థన చెప్పుకోవాలి. ఆ పిల్ల రాకపోతే కుదిరేది కాదు.

ఇక రబ్బీ. ఆవిడ పూజారి కాదు. రబ్బీ అంటే గురువు. మన తరఫున దేవుడికి మంత్రం చెప్పే ఉద్యోగం కాదది. ప్రార్థన ఎవరైనా నడిపించవచ్చు, మీ మనవరాలు నడిపించబోతున్నది అందుకే. ఆడవాళ్ళు రబ్బీలవడం కూడా నిన్న మొన్నటి ముచ్చట కాదు. జర్మనీలో రెగీనా యోనాస్ 1935లోనే ఆ పట్టా అందుకుంది. 1944లో నాజీలు ఆమెను ఆష్విట్జ్‌లో చంపేశారు. అమెరికాలో సాలీ ప్రీశాండ్ 1972లో రబ్బీ అయింది. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లో గే, లెస్బియన్ యూదులు బెత్ హయీమ్ హదాషీమ్ పేరుతో సొంత సమాజం పెట్టుకున్నారు, వేరే చోట్ల తలెత్తుకుని కూర్చునే వీల్లేక. రెండేళ్ళు తిరక్కుండానో, తిరిగీ తిరగ్గానేనో, 1974లో రిఫార్మ్ సంఘం దాన్ని తనలో చేర్చుకుంది.

మాస్టారికి ఇది మింగుడు పడదు, తెలుసు. ఉత్తరంతో ఆయన మనసు మార్చేద్దామని నేను అనుకోవడం లేదు. ఒక్కటి మాత్రం అడగండి. ఆవిడ తన భార్యతో కలిసి ముందు వరసలో కూర్చోగలిగే చోటు కాబట్టే, మతం మారని మీ అమ్మాయికి కూడా అక్కడ కుర్చీ ఉంది. ఆ ఇద్దరినీ గుమ్మం బయట నిలబెట్టే చోటైతే, తర్వాత నిలబెట్టేది మీ అమ్మాయినే, ఆ వెనక మనవరాలిని. ఆయనకి ఏ చోటు కావాలి? ఇంతకు మించి వాదన పెట్టుకోకండి. అక్కడికి వెళ్ళాక ఆవిడే వచ్చి పలకరిస్తుంది. ఎవరింటికి వెళ్ళినా కాఫీ ఇచ్చిన మనిషితో పోట్లాడిన చరిత్ర మన మాస్టార్లకి లేదు.

"వాళ్ళలో కలిపేసుకున్నారు" అన్నది వేరే సంగతి. యూదులు మనుషుల్ని మతంలోకి లాగరు. కావాలని వచ్చినవాణ్ణి కూడా మూడుసార్లు తిప్పి పంపడం పాత రబ్బీల పద్ధతి. పిల్లని అలా పెంచాలని నిర్ణయించుకున్నది మీ అమ్మాయి, అల్లుడు. అయిపోయి పన్నెండేళ్ళయింది. అయినా మాస్టారి బాధని నేను కొట్టిపారేయను. తనకి వచ్చిన పద్యాలు మనవరాలికి రావు, మనవరాలు నేర్చుకుంటున్నది తనకి అర్థం కాదు. ఇద్దరి మధ్యా "తిన్నావా తాతయ్యా", "తిన్నాను తల్లీ" తప్ప మాటల్లేవు. కోపం పేరుతో బయటికి వస్తున్నది ఇదేనని నా అనుమానం.

దీనికి నేను చెప్పేది ఒకటే: చప్పట్లు కొట్టడానికి వెళ్ళకండి, ఇప్పటి నుంచే ఆ పిల్లతో కలిసి చదవడం మొదలుపెట్టండి.

ఆ మతంలో చదువు కూడా ఆరాధనే. వారానికొక భాగం చొప్పున ఏడాదికి తోరా మొత్తం పూర్తి చేసే ఏర్పాటు ఉంది. చాలా చోట్ల శనివారం పొద్దున బల్ల చుట్టూ కూర్చుని ఆ వారం భాగం మీద గంటసేపు వాదించుకుంటారు. ప్రార్థనలో మీకు కొన్ని హద్దులుంటాయి. ఆ శాలువా మీరు కప్పుకోకూడదు, తోరా చదివే ముందు చెప్పే ఆశీర్వచనం సాధారణంగా బయటివాళ్ళతో చెప్పించరు. చదువుకి ఏ హద్దూ లేదు. వచనం చదివి "ఇదేమిటి ఇలా ఉంది?" అనగలిగితే చాలు, మీరు ఆ బల్ల దగ్గరి మనిషే. ఇద్దరిద్దరు జతగా కూర్చుని చదవడం వాళ్ళ పాత పద్ధతి, హెవ్రూతా అంటారు. మీ మనవరాలితో మీరు జత కట్టండి.

ఆదివారాలు వాళ్ళకి పొద్దున తొమ్మిదైతే, ఎండాకాలం టైము ప్రకారం మనకి సాయంత్రం ఆరున్నర. అరగంట వీడియో కాల్ పెట్టుకోండి. పిల్ల ఇంగ్లీషులో చదువుతుంది, మీరు తెలుగు బైబిల్ దగ్గర పెట్టుకోండి. ఫోన్లో కూడా దొరుకుతుంది. 'పిన్హాస్' అంటే మన బైబిల్లో ఫీనెహాసు. సంఖ్యాకాండం 25వ అధ్యాయం పదో వచనం దగ్గర మొదలై 29 చివరిదాకా వెళ్తుంది ఆ భాగం.

ముందే చెబుతున్నాను, మొదటి కథే గొంతుకి అడ్డం పడుతుంది. ఇశ్రాయేలు మనిషి ఒకడు మిద్యాను స్త్రీని వెంటబెట్టుకుని వస్తే, ఫీనెహాసు ఈటె తీసుకుని ఇద్దర్నీ పొడిచి చంపేస్తాడు. ఈ భాగం తెరవగానే దేవుడు అతనికి శాంతి నిబంధన ఇస్తున్నాడు. వేరే జాతి అమ్మాయిని తెచ్చుకున్నవాణ్ణి చంపినవాడి పేరే ఆ భాగం పేరు. అది చదవబోయేది ఎవరు? అమ్మ హిందువు, నాన్న యూదు అయిన పిల్ల. మాస్టారు ఇది చదివి "చూశావా" అని పుస్తకం మూసేస్తారు. మూయనివ్వకండి. అక్కడ 'షాలోమ్', అంటే శాంతి, అనే మాటలో ఒక అక్షరాన్ని నడిమికి విరిగినట్టే రాయడం తోరా రాసేవాళ్ళ ఆచారం. ఆ మనిషి చేసిన పనితో, యూదుల పాత ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని పండితులే ఇబ్బందిపడ్డారు. అతను ముందుగా వచ్చి అడిగుంటే చెయ్యమని ఎవరూ చెప్పేవాళ్ళు కాదని రాసిపెట్టారు. మీ మనవరాలికి ఈ కథ తప్పకుండా గుచ్చుకుని ఉంటుంది. ఏమనుకుంటోందో అడగండి. అడిగి, మధ్యలో అందుకోకుండా వినండి.

27వ అధ్యాయానికి వచ్చేసరికి అసలు మీ వంతు వస్తుంది. సెలోపెహాదు అనే ఆయనకి అయిదుగురు కూతుళ్ళు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకుల్లేరు. ఆయన ఎడారిలో చనిపోయాడు. భూమి పంచబోతున్నారు, మగపిల్లలున్న ఇళ్ళకే వాటా. ఈ అయిదుగురూ వాళ్ళ నాయకుడు మోషే ముందుకీ పెద్దలందరి ముందుకీ వచ్చి నిలబడి, "కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి? మాకూ భూమి ఇవ్వండి" అంటారు. మోషేకి ఏం చెప్పాలో తోచదు, దేవుణ్ణి అడుగుతాడు. ఆ కూతుళ్ళు చెప్పింది సరైనదే అంటాడు దేవుడు. అక్కడ 'వాళ్ళ వ్యాజ్యం' అనే మాటలో చివరి అక్షరాన్ని చుట్టలో పెద్దదిగా రాస్తారు. ఆ రోజు దగ్గరగా చూసే అవకాశం వస్తే మీ మనవరాలిని వెతికి చూపించమనండి.

మీ పెళ్ళి 1980లో అయిందన్నారు. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ 1986లో చట్టం తెచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకి వర్తించదని అందులోనే రాశారు. అంటే మీరు అయిదేళ్ళ తేడాతో గీతకి అవతల ఉండిపోయారు. దేశమంతటికీ 2005లో వచ్చింది. మీ పుట్టింటి పొలం ఎవరికెళ్ళింది, మీకు పసుపు కుంకుమ కింద ఏమిచ్చారు, అప్పుడు మీకేమనిపించింది, ఇవన్నీ ఆ పిల్ల ఎప్పుడూ అడిగి ఉండదు. మీరు చెప్పండి. అది ఆ రోజు చేసే ప్రసంగంలో ఇలాంటిది పుస్తకాల్లోంచి తెచ్చుకోలేదు. ఆ తర్వాత 36వ అధ్యాయం కూడా తీయండి. వంశం పెద్దలు మళ్ళీ వచ్చి, ఈ పిల్లలు బయటి గోత్రం వాళ్ళని చేసుకుంటే భూమి చెయ్యి దాటిపోతుందని గొడవపెట్టి, సొంత గోత్రంలోనే చేసుకోవాలన్న షరతు సంపాదిస్తారు. మన ఊళ్ళలో మేనరికాల లెక్క గుర్తుకు రావడం లేదూ?

మాస్టారు ఈ కాల్స్ జరిగేటప్పుడు పక్కగదిలో పేపర్ చదువుతున్నట్టు నటిస్తారు. రెండు వారాలు పిలవకండి. మూడో వారం, తాల్ముద్ పేజీ బొమ్మ ఒకటి పంపమని మనవరాలిని అడిగి ఆయన చేతికివ్వండి. మధ్యలో మూలం, ఒక పక్క పదకొండో శతాబ్దం ఫ్రాన్స్‌లో ఉన్న రాషీ వ్యాఖ్య, ఇంకో పక్క ఆయన తర్వాతివాళ్ళు ఆయనతో పేచీ పెట్టుకుంటూ రాసిన వ్యాఖ్యలు. మల్లినాథసూరి వ్యాఖ్యతో కావ్యాలు చదివిన కళ్ళకి ఆ పేజీ ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. హిల్లెల్, షమ్మాయి అని ఇద్దరు గురువుల శిష్యులు ఏళ్ళ తరబడి వాదించుకుంటే ఇవీ అవీ రెండూ దేవుడి మాటలేనని తేల్చిన కథ కూడా అందులోదే. తీర్పు మాత్రం హిల్లెల్ వైపు ఇచ్చారు, ఎందుకంటే వాళ్ళు అవతలివాళ్ళ మాట ముందు చెప్పి తర్వాత తమది చెప్పేవారట.

మధ్యలో ఒక మాట. మాస్టారిది చేబ్రోలు పక్క అన్నారు. అక్కడికి దగ్గర్లోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు కొన్ని దశాబ్దాలుగా యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. ఆయన విన్నారో లేదో అడగండి. బోస్టన్ వాళ్ళ ముందు ఈ కబురు ఆయన నోటి నుంచి వస్తే బావుంటుంది.

ఆ రోజు పద్ధతులు చెబుతాను. సినగాగ్ అంటే యూదుల గుడి, మన బైబిల్లో సమాజమందిరం అని ఉంటుంది. గుమ్మంలో గార్డు బ్యాగులు చూస్తే ఏమీ అనుకోకండి. 2018 అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్‌లో ఒకడు ప్రార్థన సమయంలో కాల్పులు జరిపి పదకొండుమందిని చంపాడు, అప్పటి నుంచి జాగ్రత్త ఇంకా పెరిగింది. చెప్పులు విప్పక్కర్లేదు. గుమ్మం దగ్గర బుట్టలో చిన్న టోపీలుంటాయి, మాస్టారు ఒకటి పెట్టుకుంటే మర్యాద, దానితో ఆయన యూదు అయిపోరు. మీకు చీర బాగుంటుంది. లోపల విగ్రహం ఉండదు. తెర వెనక బీరువాలో తోరా చుట్టలు, దాని పైన ఎప్పుడూ వెలిగే దీపం. అఖండ దీపం అనుకోండి. పుస్తకం మనకి చివర ఉండే అట్ట దగ్గర మొదలవుతుంది. అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి, నోటితో అనడం ఇష్టం లేకపోతే ఊరుకోండి. చుట్టని చేతుల్లో పట్టుకుని వరసల మధ్య తిప్పుతారు. దగ్గరికి వచ్చినప్పుడు ప్రార్థనపుస్తకం అంచు దానికి తాకించి ముద్దు పెట్టుకుంటారు. పుస్తకం కింద పడినా అంతే, తీసి ముద్దు పెట్టుకుంటారు. కాలికి తగిలిన పుస్తకాన్ని కళ్ళకద్దుకునే మనకి ఇది వింతేం కాదు. ఫొటోలు తీయకండి, శనివారం చాలా చోట్ల ఒప్పుకోరు. పిల్ల చదవడం పూర్తవగానే నాలుగు వైపుల నుంచీ దాని మీద మెత్తటి మిఠాయి బిళ్ళలు విసరడం కొన్ని చోట్ల సరదా. మాస్టారి చేతిలో నాలుగు పెట్టండి, తలంబ్రాల రోజు గుర్తొస్తుంది.

తోరాని తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లకి చేతులు మార్చే ఘట్టం చాలా రిఫార్మ్ సమాజాల్లో ఉంటుంది. అమ్మ వైపు వాళ్ళని ఎక్కడ నిలబెడతారన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఈ సంగతి ఇప్పుడే రబ్బీని అడగమని మీ అమ్మాయికి చెప్పండి. అక్కడికి వెళ్ళాక తెలిసి చిన్నబుచ్చుకునే కంటే అది నయం.

శుక్రవారం సాయంత్రం ప్రార్థనకి కూడా వెళ్ళండి. నన్నడిగితే శనివారం కంటే అదే బావుంటుంది. విశ్రాంతి దినాన్ని పెళ్ళికూతురిగా పిలుస్తూ పాడే పాట ఒకటుంది, పదహారో శతాబ్దంలో గలిలయలోని సఫేద్ ఊళ్ళో రాసింది. ఆఖరి చరణానికి అందరూ లేచి గుమ్మం వైపు తిరిగి వంగుతారు, నిజంగా ఎవరో వస్తున్నట్టు. చివర్లో చనిపోయినవాళ్ళ కోసం కద్దిష్ చెబుతారు. దానిలో చావు ఊసే ఉండదు, మొత్తం దేవుడి స్తుతి. దానికి ముందు రబ్బీ, "మీ మనసులో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పండి" అని వరసలవైపు చూస్తుంది. మా నాన్న పోయిన మూడో నెలలో నేను అలా ఒక వెనక వరసలో కూర్చుని ఉన్నాను. చెప్పాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది, ఇంటిపేరుతో సహా. ముందు వరసలో ముసలావిడ వెనక్కి తిరిగి, ఆ పేరుని తనకి వచ్చినట్టు పలకడానికి ప్రయత్నించింది. తప్పు పలికింది. రెండోసారి సరిగ్గా పలికింది.

చదివింపుల సంగతి. మనకి నూటపదహార్లలాగా వాళ్ళకి పద్దెనిమిది. హీబ్రూ అక్షరాలకి అంకెల విలువ ఉంది, జీవం అనే మాట విలువ పద్దెనిమిది. కాబట్టి 18, 36, 180 ఇలా ఇస్తారు. కవరు మాత్రం శనివారం సినగాగులో ఇవ్వకండి, ఆదివారం ఇంట్లో ఇవ్వండి. నేను శనివారం హాల్లోనే తీసి చేతికిచ్చాను, ఆ తల్లి నవ్వుతూనే నా పర్సులోకి తోసేసింది.

తినేవి కూడా అడక్కుండా తీసుకెళ్ళకండి. వాళ్ళు మాంసాన్నీ పాలపదార్థాన్నీ కలపరు, వంటగది కట్టుబాట్లు పాటించేచోట ఇళ్ళల్లో చేసినవి రానివ్వరు. నేను గిన్నెడు సున్నుండలు చేసి తీసుకెళ్ళాను. శాకాహారమే కదా అన్నది నా ధీమా. ఆ రోజు భోజనంలో కోడిమాంసం ఉంది, నా సున్నుండల్లో నెయ్యి ఉంది. మధ్యాహ్నమంతా అవి కార్లో ఎండలో కూర్చున్నాయి. మీరు బొబ్బట్లు చేసేది ఇంటిదగ్గరే చేయండి.

ఇప్పుడు చీర. కత్తిరించండి. అరిష్టం అంటున్న మీ ఆడపడుచుని, ఆవిడ చిన్నప్పుడు వేసుకున్న పట్టు పరికిణీలు ఎవరి చీరల్లోంచి వచ్చాయో అడగండి. మనింట్లో అమ్మమ్మ చీర మనవరాలికి చేరే దారి ఎప్పుడూ కత్తెర మీదుగానే. పట్టుతో ఆ శాలువా కుట్టుకోవడానికి అభ్యంతరం లేదు. ఊలు, నార కలిసిన బట్ట మాత్రమే వాళ్ళకి నిషేధం. రెండు గజాలు సరిపోతుంది. పిల్ల కొంగే కావాలంటుంది, ఇచ్చేయండి. నలభై ఏళ్ళు దాటిన పట్టు మడతల దగ్గర చిట్లుతుంది కాబట్టి లోపల మెత్తటి నూలు లైనింగ్ వేయించమనండి.

దాని నాలుగు మూలలకీ పోగులు కట్టాలి. మూలకి నాలుగు దారాలు, మడిస్తే ఎనిమిది, వాటికి అయిదు ముడులు. ఆ ముడులు వేయాల్సింది యూదులే, మీరు వేయకూడదు. మూడు మూలలు ముందే కట్టేసుకుని, నాలుగోది మీరు వెళ్ళేదాకా ఆపమని మనవరాలికి చెప్పండి. పట్టు జారుతుంది, మూల బిగించి పట్టుకోవడానికి ఇంకో మనిషి ఎలాగూ కావాలి.

మే నెలలో ఎవరైనా అటు వెళ్తుంటే చీర పంపించేయండి. ఆవకాయ సీసాలున్న పెట్టెలో మాత్రం పెట్టకండి.